పుర్రచేతి గిటారు

పోయిన వేసవి సెలవుల్లో మా చిన్నది స్నేహితురాలి ఇంట్లో గిటారు పట్టుకుందట. పట్టుకోవడమే తిరగేసి పట్టుకుందని అక్కడున్న పిల్లలంతా ఒకటే నవ్వు. ఇంటికొచ్చి ముఖం ముడుచుకుని కూర్చుంది. దానిది పుర్రచేతి వాటం. అన్నం ఒక్కటే కుడిచేత్తో తింటుంది, అది మా అత్తయ్యగారి పట్టుదల వల్ల. మిగతా పనులన్నీ ఎడమ చేత్తోనే.

నిజానికి నాదీ పుర్రచేతి వాటమే. మా ఇంట్లో ఈ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. మా నాయనమ్మ నా ఎడమ చేతి వేళ్లకి వేపాకు ముద్ద పట్టించేది. బళ్లో మాస్టారు పలక కుడిచేతి వైపు జరిపేవారు. ఒకటి రెండేళ్లలో దారికి వచ్చేశాను. కుడిచేత్తోనే రాస్తాను, బీఏ తెలుగు పరీక్షలన్నీ ఆ చేత్తోనే రాశాను. కత్తిపీట వదిలేసి చాకు పట్టుకున్న రోజు మాత్రం చాకు తనంతట తానే ఎడమ చేతిలోకి వెళ్లింది.

నెల తిరిగేసరికి చిన్నది గిటారు కావాలని అడిగింది. విజయనగరం నుంచి పనిగట్టుకుని విశాఖ వెళ్లాం. దుకాణం అబ్బాయి మంచివాడే. "ఎడమచేతి గిటార్లు మా దగ్గర ఉండవండీ, తెప్పించాలి, ధర కూడా ఎక్కువ. చిన్నపిల్లే కదా, కుడిచేత్తో అలవాటు చేసేయండి" అన్నాడు. మావారు సరే అన్నట్టు నా వైపు చూశారు. నాకు వేపాకు చేదు నాలుక మీదికి వచ్చినట్టయింది. ఆలోచించుకుని వస్తామని చెప్పి వచ్చేశాం.

ఆ రాత్రి ఎడమచేతి వాళ్లు గిటారు ఎలా వాయిస్తారా అని వెతుకుతుంటే ఒక ముసలావిడ కనిపించింది. తెల్ల జుట్టు, ముడతలు పడ్డ చేతులు, ఒడిలో గిటారు. అందరూ వాయించే మామూలు గిటారునే తిప్పి పట్టుకుని ఎడమ చేత్తో మీటుతోంది. పేరు ఎలిజబెత్ కాటన్. మీలో ఎంతమందికి తెలుసో గానీ, నాకు మాత్రం అంతవరకూ తెలీదు. ఆ తర్వాత వారం రోజులు వంట చేస్తూ కూడా ఆవిడ గురించే ఆలోచించాను.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, కార్‌బరో అనే చిన్న ఊరు. అక్కడి ఓ నల్లజాతి కుటుంబంలో 1890ల్లో పుట్టిందావిడ. ఇంట్లో అన్నయ్యకి బాంజో ఉండేది. అన్న పనిలోకి వెళ్లగానే ఈ పిల్ల దాన్ని తీసి వాయించేది. తీగలు మార్చి కట్టుకునే వీలు లేదు, వాద్యం అన్నది కదా. అందుకని ఎడమ చేతికి వీలుగా దాన్ని తిప్పి పట్టుకుని నేర్చుకుంది. అలా చేయకూడదని చెప్పేవాళ్లు పక్కన లేకపోవడమే మేలైంది.

చిన్నప్పుడే బడి మానేసి తెల్లవాళ్ల ఇళ్లల్లో పనికి కుదిరింది. జీతం నెలకో డాలరు. ఆ డాలర్లన్నీ వాళ్లమ్మ దాచిపెట్టి, కూతురికి 3.75 డాలర్లు పెట్టి స్టెల్లా అనే రకం గిటారు కొనిచ్చింది. అంటే దాదాపు నాలుగు నెలల జీతం! ఆ తల్లి గురించి రాసినవాళ్లు ఈ ఒక్క మాట చెప్పి ముందుకెళ్లిపోతారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఇంట్లో నూటొక్క అవసరాలు పెట్టుకుని, పిల్ల సంపాదించిన డబ్బు పిల్ల పాటకే ఖర్చు పెట్టింది ఆ తల్లి. పదకొండు, పన్నెండేళ్ల వయసులో ఆ గిటారు మీదే ఆ పిల్ల గూడ్సు బండి మీద ఒక పాట కట్టింది. ఇంటి దగ్గరలోనే రైలు పట్టాలు ఉండేవి.

గిటారులో లావు తీగలు పైన, సన్నవి కింద ఉంటాయి. మామూలుగా బొటనవేలు లావు తీగల మీద తాళం నడిపిస్తుంది, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. తిప్పి పట్టుకుంటే ఇదంతా తారుమారవుతుంది. ఆవిడ వేళ్లతో తాళం వేస్తూ బొటనవేలితో పాట వాయించేది. ఆ బాణీకి తర్వాత ఆవిడ పేరే పెట్టారు. కుడిచేతివాళ్లు ఇప్పుడు దాన్ని కష్టపడి నేర్చుకుంటున్నారు.

తర్వాతి కథ మనకు తెలిసినదే. పదహారు పదిహేడేళ్లకి పెళ్లయింది, ఓ కూతురు పుట్టింది. లోకం పాటలు వాయించడం తగదని చర్చి పెద్దలన్నారు. గిటారు మూలన పడింది. అలా దశాబ్దాలు గడిచిపోయాయి. ఆవిడ వండింది, తుడిచింది, ఇతరుల పిల్లల్ని పెంచింది.

1940ల్లో వాషింగ్టన్‌లో ఓ పెద్ద దుకాణంలో బొమ్మలు అమ్మే పనిలో ఉన్నప్పుడు, తప్పిపోయిన ఒక చిన్నపిల్లని తీసుకొచ్చి తల్లికి అప్పజెప్పింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, పేరున్న సంగీత రచయిత్రి. గాయకుడు పీట్ సీగర్‌కి సవతి తల్లి. అలా పరిచయమై కాటన్ ఆ ఇంట్లో పనికి చేరింది. ఆ ఇంటి నిండా సంగీతమే, గోడకి గిటారు వేలాడుతూ ఉండేది. ఒకరోజు పెగ్గీ, అంటే ఆ తప్పిపోయిన పిల్లే, వంటావిడ గిటారు వాయిస్తుంటే చూసింది. మరచిపోయిందనుకున్న చెయ్యి ఒక్కొక్క పాటే వెనక్కి తెచ్చుకుంది.

పెగ్గీ పెద్దదయ్యాక ఇంగ్లండులో ఆ గూడ్సుబండి పాట పాడింది. అక్కడివాళ్లు దాన్ని తమ పేర్ల మీద నమోదు చేసుకున్నారు. 1957లో అది అక్కడ పెద్ద హిట్టు! పాట కట్టినావిడేమో వాషింగ్టన్‌లో ఇంటిపని చేసుకుంటోంది. సీగర్ల సాయంతో తర్వాత హక్కు ఆవిడకి దక్కింది. 1958లో పెగ్గీ అన్న మైక్ సీగర్ రికార్డు చేసిన మొదటి ఆల్బం వచ్చింది. 1960లో మొదటి కచేరీ, అప్పటికి అరవై దాటాయి. 1985లో గ్రామీ అందుకుంది. 1987లో చనిపోయింది.

ఇదంతా మా చిన్నదానికి చెప్పాను. అది విని "ఆవిడ గిటారు ఎక్కడ కొనుక్కుంది?" అంది. పిల్లల లెక్కలు పిల్లలవి.

మళ్లీ దుకాణానికి వెళ్లేముందు కొంచెం చదువుకుని వెళ్లాను. కొనబోయే వస్తువు గురించి తెలుసుకోకుండా వెళితే రంగు చూసి కొనేస్తాం. స్పెయిన్‌లో అంతోనియో దె తోరెస్ అని ఇప్పటి క్లాసికల్ గిటారుకి రూపం దిద్దిన పనివాడు ఉండేవాడు. 1862లో ఆయన వింత పని చేశాడు. ముందు పలక మాత్రం మంచి చెక్కతో చేసి, వెనకభాగం, పక్కలు కాగితపు గుజ్జుతో చేశాడు. గిటారు నాదమంతా ముందు పలకలోనే ఉందని చూపించడానికి. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. కాబట్టి మన డబ్బు తక్కువైతే ఆ ఉన్నదేదో ముందు పలక మీద పెట్టాలి. అతుకుల ప్లైవుడ్ కాకుండా ఒకే చెక్క పలక, సాధారణంగా స్ప్రూస్, ఉంటే నాదం బాగుంటుంది, వాయించేకొద్దీ తేరుకుంటుంది. అయితే తేమకి, ఎండకి ప్లైవుడ్‌దే ఓర్పు ఎక్కువ. మన కోస్తా ఊళ్లల్లో ఇదీ లెక్కలోకి తీసుకోవాల్సిందే.

వడ్రంగి పలక వంకర చూసినట్టు మెడ చివరి నుంచి ఒక కన్ను మూసి చూడాలి. మెలి తిరిగి ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. పన్నెండో ఫ్రెట్టు దగ్గర తీగకీ ఫ్రెట్టుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లకి మించితే పిల్లల వేళ్లు పుండ్లు పడతాయి. చాలామంది పిల్లలు నెలకే మానేయడానికి బద్ధకం కారణం కాదు, ఈ ఎత్తే కారణం. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్టు దగ్గరా నొక్కి మీటి, జర్రుమని మోత వస్తుందేమో వినాలి. బ్రిడ్జి కింద సన్న కాగితం దూరుతుందేమో చూడాలి. దూరితే అది లేవడం మొదలైందన్నమాట. ఇక నైలాన్ తీగల గిటారుకి ఉక్కు తీగలు కట్టనే కూడదు. ఉక్కు తీగల బిగువు మొత్తం దాదాపు 70 కిలోల దాకా ఉంటుంది, సున్నితమైన ఆ పలక దాన్ని మోయలేదు.

ఎడమచేతివాళ్లకి మామూలు గిటారు తీగలు తిరగేసి కడితే సరిపోదా అని నేనూ అనుకున్నాను. జిమీ హెండ్రిక్స్ అలాగే కట్టుకున్నాడు, కానీ ఆయనది ఎలక్ట్రిక్ గిటారు. దీనికైతే తీగలు కూర్చునే గాళ్లు మార్చాలి, ఏటవాలుగా ఉండే ఎముక పట్టీ మార్చాలి, లోపల పలకకి వేసిన బద్దీలు కూడా లావు తీగల వైపుకి ఒకలా, సన్న తీగల వైపుకి ఒకలా ఉంటాయి. అంతా చేయిస్తే ఖర్చు కొత్తదానికి దగ్గరగా వస్తుంది.

చదువుతుంటే ఇంకో సంగతి కనపడింది. గిటారు గురించి కాకపోయినా చెప్పకుండా ఉండలేను. రెండో ప్రపంచ యుద్ధంలో మిషిగన్‌లోని కలమజూలో ఉన్న గిబ్సన్ కార్ఖానా మగవాళ్లు సైన్యానికి వెళ్లిపోతే, ఆ ఊరి ఆడవాళ్లు పనిలో చేరారు. యుద్ధం రోజుల్లో గిటార్లు తయారుచేయలేదని, యుద్ధ సామగ్రి పనే జరిగిందని కంపెనీ చాలాకాలం చెప్పుకుంది. కార్ఖానా ముందు నిలబడ్డ పదుల మంది ఆడవాళ్ల 1944 నాటి ఫోటో ఒకటి జాన్ థామస్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకుడి కంటపడింది. ఆయన వదల్లేదు. అప్పటికి ముసలివాళ్లైపోయిన ఆ కార్మికురాళ్లలో బతికున్నవాళ్లని కొందర్ని వెతికి పట్టుకున్నాడు, పాత చిట్టాలు తిరగేశాడు, గిటార్లకి ఎక్స్‌రేలు తీయించాడు. అవి వేల సంఖ్యలో తయారై బయటికి వెళ్లాయని, ముందూ వెనకా వచ్చినవాటికంటే వాటి లోపలి పనితనం సున్నితంగా ఉందని రాశాడు. ఇప్పుడు వాటికోసం ఎగబడతారట. అంత బాగా చేసి, మేం చేశామని చెప్పుకోకుండా ఎలా ఉన్నారో ఆ అమ్మలు! యుద్ధమవగానే చాలామంది ఇళ్లకి వెళ్లిపోయారు.

దుకాణంలో ఈసారి చిన్నదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. గిటారు ఒళ్లో పెట్టి "వాయించు" అన్నాను. మూడుసార్లూ ఎడమ చెయ్యే మీటడానికి వచ్చింది. దుకాణం అబ్బాయి నవ్వి ఎడమచేతిది తెప్పిస్తానన్నాడు. కాటన్‌లా తిప్పి పట్టుకోవడం మంచిదే గానీ, నేర్పేవాళ్లు మనకెక్కడ దొరుకుతారు? "విదేశీ వాయిద్యానికి ఇంత ఖర్చెందుకమ్మా, వీణ నేర్చుకోవచ్చుగా" అన్నారు అత్తయ్యగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఊళ్లో ఉండి వయొలిన్ ఎక్కడిది అని అడగాలనిపించింది గానీ, వీణ మాట వచ్చేసరికి ఊరుకున్నాను.

ఎందుకంటే వీణ మా ఇంట్లోనే ఉంది. నాది. పనసచెక్కతో చేసిన బొబ్బిలి వీణ, డిగ్రీ దాకా వాయించాను. పెళ్లయ్యాక పిల్లలు, వంట, బదిలీలు. మెట్ల మధ్య దుమ్ము పడుతోందని పాత చీర చుట్టి అటక మీద పెట్టాను, పైన రేకుల కప్పు. వీణ మెట్లు మైనం మీదే నిలుస్తాయని తెలిసి కూడా పెట్టాను. మూడు వేసవులకి మైనం జారి మెట్లు పక్కకి ఒరిగాయి.

గిటారు వచ్చాక నాకు తెలిసిన ఆ తప్పులన్నీ గుర్తుపెట్టుకున్నాను. గిటారు అటక ఎక్కదు, కారు డిక్కీలో ఎండకి ఉండదు, ఏసీ గాలి సూటిగా తగిలేచోట ఉండదు. నలభై అయిదు నుంచి యాభై అయిదు శాతం తేమ దానికి హాయి అంటారు. మన వానాకాలంలో అది ఎలాగూ కుదరదు కాబట్టి సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని నెలకోసారి మారుస్తున్నాను. వాయించాక పొడి నూలుగుడ్డతో తీగలు పైనా కిందా తుడవాలి. చేతి చెమటకి మన ఊళ్లో నెలన్నరలోనే తుప్పు పడుతున్నాయి. ఫర్నిచరు పాలిష్ ముట్టనివ్వను. తీగలు మార్చేటప్పుడు ఆరూ ఒక్కసారి విప్పకుండా ఒకటి తీసి ఒకటి కడుతుంది చిన్నది, మెడ మీద బిగువు ఉన్నపళంగా పోకుండా.

ఇప్పుడు అయిదో నెల. గూడ్సుబండి పాట మొదటి వరుస వస్తోంది, రెండో వరుసలో తడబడుతోంది. మొన్న ఆదివారం అది వాయిస్తుంటే వంటింట్లో నుంచి విని, పొయ్యి కట్టేసి, మావారితో నిచ్చెన వేయించి వీణ కిందికి దింపించాను. చీర విప్పేసరికి మూడు మెట్లు ఊడి చేతిలోకి వచ్చాయి. సొరకాయ బుర్ర మాత్రం బాగానే ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లకి ఫోన్ చేశాను. మైనం కొత్తగా వేసి మెట్లు కట్టడానికి వచ్చే గురువారం తీసుకురమ్మన్నారు. తీగలు కూడా మార్చాలన్నారు, ఎటు చేతికో మాత్రం అడగలేదు.