అడవి వేట రైఫిల్

దట్టమైన అడవిలో పెద్ద జంతువులను దగ్గర నుంచి వేటాడేందుకు వాడిన తుపాకి. పొదల మధ్య చూపు ఆనే దూరం తక్కువ, గురిపెట్టే వ్యవధి అంతకన్నా తక్కువ. అందుకే దూరం పోయే తూటాకన్నా బరువైన తూటా, వెంటనే రెండోసారి పేల్చే వీలు ముఖ్యం.

తెలుగునేలకు దగ్గరి ఉదాహరణ కెన్నెత్ ఆండర్సన్ (1910–74). అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో మనిషి మాంసం మరిగిన పులి గురించి రాసిన ఈ బెంగళూరు వేటగాడి ఆయుధం వించెస్టర్ 1895 మోడల్, .405 క్యాలిబర్. తూటా బరువు సుమారు 19 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 670 మీటర్లు. ట్రిగ్గర్ దగ్గరి లివర్ ఆడిస్తే కొత్త తూటా ఎక్కుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా 1909లో ఆఫ్రికాకు ఇదే రకం తీసుకెళ్లాడు.

బరువైన తూటా కొమ్మలను చీల్చుకుంటూ సూటిగా పోతుందన్నది వేటగాళ్ల గొప్పలే. కొమ్మ తగిలితే ఏ తూటా అయినా దారి తప్పవచ్చు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం భారత్‌లో పులిని వేటాడటం నేరం.