బాల తల్లుల సంరక్షణ: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల చరిత్ర

మన సంఘముల చరిత్ర వ్రాయువారు దేవాలయముల శంకుస్థాపనలు, మిషనరీ దొరల రాకపోకలు, బడులు, బాప్తిస్మముల లెక్కలు వ్రాయుట పరిపాటి. అవి వ్రాయవలసినవే. అయితే మన పాత కుటుంబములలో పెద్దలను కూర్చుండబెట్టి అడిగినచో, తొలి కాన్పులోనే పోయిన ఒక పెద్దమ్మయో, ఒక మేనత్తయో చాల ఇండ్లలో తేలుదురు. వారి వయస్సు అడిగినచో 'చిన్నపిల్లనే బిడ్డా' అను జవాబే వచ్చును. ఆ చిన్నపిల్లలను గూర్చియు, వారి మనుమరాండ్ర వయస్సువారికి నేడు జరుగుచున్న దానిని గూర్చియు ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

పూర్వము మన వైపు పెండ్లి మొదట, సమర్త తరువాత, కాపురము ఆ వెనుక. పదునాలుగు, పదునైదేండ్లకే తొలి కాన్పు. ఆ వయస్సున పిల్ల ఎదుగుట ఆగియుండదు. నడుము ఎముకలు పూర్తిగా విచ్చుకొని యుండవు. బిడ్డ తల అడ్డుపడి రెండు మూడు దినములు నొప్పులు పడిన పిల్ల బ్రతికి బయటపడినను, మూత్రపు సంచికి చిల్లుపడి, జీవితాంతము తడిసిన చీరెతో మూలన కూర్చుండవలసి వచ్చెడిది. గుర్రపువాతము వచ్చి మూర్ఛలతో పోయినవారు మరికొందరు. మంత్రసానిని నిందించి లాభము లేదు. సుఖప్రసవములు ఆమె చేతి మీదుగా వేలు జరిగినవి. అడ్డుపడిన కాన్పునకు మాత్రము ఆమె యొద్ద మందు లేదు, కత్తి లేదు.

వేలూరు డాక్టరమ్మ ఐడా స్కడ్డర్ గారి కథ మన ఆదివారపు బడులలో చెప్పుదురు. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదనలో నున్న తమ భార్యలను చూడ రమ్మని ఆమెను వేడుకొనిరి. ఆమె అప్పటికి డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రిని, మగవాడని వారు లోనికి రానియ్యలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. మనము ఈ కథను పిలుపును గూర్చిన కథగానే చెప్పుదుము గాని, వచ్చినవారిలో మొదటి వాని భార్య పదునాలుగేండ్ల పిల్ల అను మాటను తేలికగా దాటిపోవుదుము. ఐడా గారు 1899లో అమెరికాలో వైద్యపట్టము పుచ్చుకొని వచ్చి, 1902లో ఆసుపత్రిని, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను వేలూరులో స్థాపించిరి. నిజాము రాజ్యములో వెస్లియన్ మిషన్ వారు మెదకు, కరీంనగరములలో ఆసుపత్రులు పెట్టినదియు ఇటువంటి అవసరము వలననే. అయినను కోరుట్ల నుండి కరీంనగరమునకు డెబ్బది కిలోమీటర్లకు పైబడిన దారి. కచ్చరము బండిలో నొప్పులు పడుచున్న పిల్లను ఎక్కించి బయలుదేరినవారు ఎందరు చేరియుందురో చెప్పనక్కర లేదు.

చట్టములు నెమ్మదిగా కదలినవి. కలకత్తాలో ఫూల్మణి అను చిన్నపిల్ల భర్త చేతిలో చనిపోయిన పిమ్మట, 1891లో సమ్మతి వయస్సును పది నుండి పండ్రెండేండ్లకు పెంచిరి. 1929 నాటి శారదా చట్టము ఆడపిల్ల పెండ్లి వయస్సును 14గా పెట్టినది. నిజాము రాజ్యము బ్రిటిషు ఇండియా కానందున అది అప్పట్లో మనకు వర్తించలేదు. 1949లో 15, 1978లో 18. క్రైస్తవుల సంగతియు దాచకుండ చెప్పుకొందము: 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టములో దేశీయ క్రైస్తవులకు వరుడు 16, వధువు 13 ఏండ్లు దాటియుంటే చాలునని యుండెను. 1978లోనే అదియు 21, 18 అయినది. కాబట్టి మన అవ్వల వివాహములు రిజిస్టరులో చూచి నొచ్చుకొనువారు ఆ నాటి చట్టమునుకూడ చూడవలెను.

ఏ చట్టపు లెక్కలోనికిని రాని పిల్లలు ఇంకొందరుండిరి. నిజామాబాదు, కరీంనగరము, మహబూబ్‌నగరము జిల్లాలలో మాల, మాదిగ ఇండ్ల ఆడపిల్లలను ఈడు రాకమునుపే దేవత పేర జోగినులుగా విడిచెడివారు. పిమ్మట ఆ పిల్లకు కలిగిన బిడ్డకు తండ్రి పేరు చెప్పువారు లేరు. కాన్పునకు పిలుచుకొనిపోవు మగడును లేడు. మన తొలి సంఘస్థులు అనేకులు ఆ వాడల నుండియే వచ్చినవారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ ఆచారమును నిషేధించుచు చట్టము చేసినది. గర్భవతియైన పిల్లను ఊరంతయు వేలెత్తి చూపి, కారకుడైన పెద్దమనిషిని ఎవరును పల్లెత్తు మాట అనని ఆ పద్ధతి, జోగిని ఆచారముతోనే పోయినదని మాత్రము మేము అనజాలము.

ఇప్పటి కాలమునకు వత్తము. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల అనగానే బీడీలు గుర్తుకు వచ్చును. ఒడిలో చాట, చాటలో తునికాకు, జర్దా. బడి నుండి వచ్చిన పిల్ల తల్లి ప్రక్కన కూర్చుండి చుట్టుట నేర్చుకొనును. కార్ఖానాలో పేరెక్కి పీఎఫ్ నంబరు వచ్చిన పిల్లకు సంబంధములు త్వరగా వచ్చును, ఆ నంబరు కట్నములో భాగమన్నట్లు. సిరిసిల్లలో తండ్రి సాంచాల మీద రాత్రి పాళీ పనిచేయును. జగిత్యాల, కోరుట్ల పల్లెలలో తండ్రి దుబాయిలో నుండును. ఈడు వచ్చిన పిల్లను ఒంటరిగా ఇంట నుంచుటకు తల్లికి భయము. ఆ భయమే పదునారవ యేట పెండ్లి చేయించుచున్నది. తల్లికి ప్రేమ లేక కాదు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 23.5 మందికి పదునెనిమిది నిండకమునుపే పెండ్లి అయినదని తేలినది. 15 నుండి 19 ఏండ్లవారిలో నూటికి 5.8 మంది అప్పటికే తల్లులు లేక గర్భవతులు. ఆ వయస్సువారిలోనే నూటికి 64 మందికి పైగా రక్తహీనులు. మరియొక అంకె ఉన్నది: కరీంనగరము జిల్లాలో కాన్పులలో నూటికి 82 శస్త్రచికిత్స చేసినవే. తొలి కాన్పుకే పదునేడవ యేట కడుపు కోసిన పిల్లకు రెండవదియు కోతయే అగుట సామాన్యము. ఆ వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషను. ఇరువదులలోనే ఆ దేహము ఇన్ని గాయములు పడుచున్నది. ముహూర్తము చూచి కోయించుకొనువారిని గూర్చి వేరుగా వ్రాయవలెను.

అయితే మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరు. వయస్సు పెంచిన ప్రతి చట్టమును పిల్లను కాపాడుటకే వచ్చినది. కాని ఆ పిల్ల గర్భవతి అయిన తరువాత అదే చట్టపు భయముతో ఇంటివారు ఆమెను దాచుచున్నారు. ఆధార్ కార్డులో వయస్సు బయటపడునని ఏఎన్ఎం యొద్ద పేరు వ్రాయించరు. మూడవ నెలలో చూపవలసినది ఏడవ నెలలో చూపుదురు. ప్రభుత్వ పథకములును కొంతకాలము ఇట్లే నడచినవి. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజనలో మన రాష్ట్రము వంటి చోట్ల 19 ఏండ్లు నిండినవారికే సహాయమను నిబంధన యుండెను. ఎక్కువ ప్రమాదములో నున్న పిల్లకే తలుపు మూసినట్లయినది. 2013లో ఆ నిబంధనను తీసివేసిరి.

కాబట్టి చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసియుండుట అవసరము. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము శిక్ష పిల్లకు కాదు. ఆమెను చేసికొన్న పెద్దవానికి, వివాహము జరిపించినవారికి. పాదిరిగారును అందులోనికి వత్తురు. ఆ పిల్ల కోరినచో, మేజరైన రెండేండ్లలోగా ఆ వివాహమును కోర్టులో రద్దు చేయించుకొనవచ్చును. ఆమెకు పుట్టిన బిడ్డ చట్టబద్ధమైన సంతానమే. 2017లో సుప్రీంకోర్టు, పదునెనిమిది నిండని భార్య యొద్దకు పోవుటయు బలాత్కారమేనని తీర్పు చెప్పినది.

పెండ్లి కాని పిల్ల సంగతి ఇంకను కష్టము. 2012 నాటి పోక్సో చట్టము క్రింద, మైనరు పిల్ల మీద జరిగిన నేరము తెలిసినవారు పోలీసులకు గాని, బాలల ప్రత్యేక విభాగమునకు గాని తెలుపవలెను; డాక్టరును తెలుపవలెను. ఇది విని ఇంటివారు ఆసుపత్రి మొగము చూడక, నాటుమందులకు, పల్లె ఆరెంపీల ఇండ్లకు పోవుదురు. రక్తస్రావముతో పిల్లలు చచ్చునది అక్కడనే. అత్యవసర చికిత్సకు పోలీసు కాగితము కావలెనని ఏ డాక్టరును అడుగరాదని పోక్సో నియమములే చెప్పుచున్నవి. ఇట్టి పిల్లకు సర్కారు ఆసుపత్రియే గాక ప్రైవేటు ఆసుపత్రియు ఉచితముగా చికిత్స చేయవలెను. గర్భస్రావమును గూర్చి మనలో భిన్నాభిప్రాయములున్నవి. వాటిని ఇక్కడ తేల్చబోము. చట్టములో నున్నది మాత్రము ఇది: 1971 నాటి చట్టము ప్రకారము మైనరుకు సంరక్షకుని వ్రాతపూర్వక సమ్మతి కావలెను; 2021 సవరణ పిమ్మట మైనరులకు 24 వారముల వరకు, ఇరువది దాటినచో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయముతో, అనుమతి గల ఆసుపత్రిలోనే జరుగవలెను. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పినదేమనగా, ఇట్లు వచ్చిన మైనరును ఆమె సంరక్షకుడును కోరినచో, డాక్టరు పోలీసులకు తెలుపునప్పుడు ఆమె పేరు, వివరములు ఇవ్వనక్కర లేదు. ఈ ఒక్క మాట తెలియక దాగియున్నవారు ఎందరో.

దూరము మునుపటి వలె లేదు. 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలైనవి. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరచిరి. కోరుట్ల నుండి జగిత్యాలకు సుమారు 25 కిలోమీటర్లు. 108 బండి వచ్చును. ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆసుపత్రులలో గర్భిణీలను డాక్టర్లు ప్రత్యేకముగా చూతురు. బడిలో వారమునకొకటి ఇచ్చు నీలపు ఇనుము మాత్రను పిల్లలు చేదని పారవేయుదురు. స్త్రీల మైత్రివారు తమ పిల్లల సంచులు వెదకి చూడవచ్చును. అంగన్‌వాడీలో గర్భిణికి ఒకపూట భోజనము, గ్రుడ్డు, పాలు ఉన్నవి. పదునేడేండ్ల పిల్ల సిగ్గుపడి అక్కడికి పోదు. ఒక పెద్దమ్మ వెంట పోయినచో పోవును. పూర్వము బైబిలు స్త్రీలు ఇల్లిల్లు తిరిగి కీడు మేలు కనుగొనెడివారు. ఇంట నాలుగు నెలలుగా బయటికి రాని పిల్ల ఉన్నదని వారికి ముందుగా తెలిసెడిది. ఇప్పుడు ఆ పని జీతముతో చేయువారు మన సంఘములలో తక్కువ. సంఘ శిక్ష పేర ఆ పిల్లను వెనుక బల్ల మీద కూర్చుండబెట్టిన సందర్భములు పెద్దలకు గుర్తుండును. పిల్లవానిని పిలిచి అడిగిన సందర్భములు అరుదు.

ఇక బిడ్డను పెంచుకొనలేని బాలతల్లి సంగతి. ముండ్లపొదల నుండి పసికందును తీసిరను వార్త పత్రికలలో అప్పుడప్పుడు చూచుచునే యున్నాము. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, ఆమె జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చును. 1098కి ఫోను చేసినచో దారి చూపుదురు. సమితివారు ఆమెతో మాట్లాడి, ఆలోచించుకొనుటకు రెండు నెలల గడువు ఇత్తురు. ఆ గడువులోగా మనస్సు మారినచో, ఆమె పోయి తన బిడ్డను తిరిగి తెచ్చుకొనవచ్చును.