దిగబడని వెడల్పు

వానాకాలంలో పర్చూరు, ఇంకొల్లు డొంకల్లో నడిచినవాళ్లకు రేగడి గురించి వేరే చెప్పక్కర్లేదు. పది అడుగులు వేసేసరికి చెప్పు కింద మట్టితో ఇంకో చెప్పు తయారవుతుంది. నీళ్లు తాగి ఉబ్బే బంకమన్ను అది. పత్తినీ మిరపనూ బతికించేది తడిని వదలని దాని గుణమే. బండిని కదలనివ్వనిదీ ఆ గుణమే.

పాత కర్రబండి చక్రం ఎత్తుగా, సన్నటి ఇనుప పట్టాతో ఉండేది. గట్టి బాట మీద హాయిగా దొర్లేది. తడి రేగడిలో మాత్రం కత్తిలా దిగేది. ఇరుసుదాకా దిగబడితే ఇంకో జత ఎడ్లను కట్టి, మనుషులు ఆకులు పట్టుకుని తోయాల్సిందే. తప్పు బరువుది కాదు, ఆ బరువు ఆనే చోటు ఇరుకు.

మంచుదేశాలవాళ్లకు ఈ లెక్క ఎంత పాతదో తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్ దగ్గర 1924లో బురదనేలలో బయటపడ్డ స్కీలు, అంటే మంచు మీద జారే చెక్కపలకలు, సుమారు 5,200 ఏళ్ల నాటివి. రెండు మీటర్ల పొడవు, దాదాపు 15 సెంటీమీటర్ల వెడల్పు. మెత్తటి మంచు మీద బరువును పరిస్తే మనిషి తేలతాడని వాటిని చెక్కినవాడికి తెలుసు.

1888లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ స్కీల మీద గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటాడు. అదే ఏడాది బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ డన్లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరుతో 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం వచ్చింది. తర్వాత మన ఊళ్లలోకి టైరుబండి వచ్చింది. వెడల్పు రబ్బరు మీద అవే ఎడ్లు ఎక్కువ బరువు లాగాయి. ఎడ్ల మెడలకు దక్కిన ఆ ఊరటను మన వ్యవసాయ చరిత్ర తగినంతగా రాసుకోలేదు.

స్కీల కథ మాత్రం వెనక్కి నడిచింది. రోప్‌వేలు, మంచును చదును చేసే యంత్రాలు వచ్చాక వాలులు గట్టిపడ్డాయి, స్కీలు సన్నబడ్డాయి. పాత తెలివి తిరిగి రావడానికి 1988 దాకా పట్టింది. ఆస్ట్రియా కంపెనీ అటామిక్‌లో రూపర్ట్ హ్యూబర్ 115 మిల్లీమీటర్ల నడుముతో (స్కీ మధ్యభాగపు వెడల్పు) ‘పౌడర్ ప్లస్’ చేశాడు. 2002లో స్కీయర్ షేన్ మెక్‌కాంకీ ఆలోచనతో వోలాంట్ సంస్థ ‘స్పాచులా’ తెచ్చింది. దాని కొసలు రెండూ పైకి వంగి ఉంటాయి. మంచులో గుచ్చుకోకుండా తేలడానికే ఆ వంపు.

కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో 2005లో గండోలా (కేబుల్ కారు) రెండో అంచె తెరుచుకున్నాక లోతు మంచు మన దేశంలోనే అందుబాటులోకి వచ్చింది. అక్కడికి స్కీ ఎంచుకునేవాళ్లకు రేగడి రైతు మాటే పనికొస్తుంది: ముందు నేల చూడు. నడుము 110 మిల్లీమీటర్లు దాటితే లోతు మంచులో తేలుతుంది. గట్టి మంచు మీద మాత్రం ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మళ్లడానికి బద్ధకిస్తుంది, మోకాళ్లకు శ్రమ. రెండు రకాల మంచూ తగిలేచోట 95 నుంచి 105 మధ్యది మేలు. ఒంటి బరువు ఎక్కువైతే ఇంకాస్త వెడల్పు.

మళ్లీ మన రేగడికి వస్తే, 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లొచ్చాక మన దగ్గర వరి పెరిగింది, దమ్ము పెరిగింది. ఆ దమ్ముకు ట్రాక్టర్ల ఇనుప కేజీవీల్స్ వచ్చాయి. బురదలో అవి దిగబడవు, తారురోడ్డెక్కితే దాన్ని చీల్చేస్తాయి. అందుకే గట్టు దగ్గరే విప్పి ట్రక్కులో వేసుకుంటారు. ఫిబ్రవరికి డొంక ఎండుతుంది. అదే ట్రాక్టరు రబ్బరు టైర్ల మీద మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకు బయల్దేరుతుంది.