గేటు తెరిస్తేనే మిఠాయి

2019 ఆగస్టు 12న బక్రీద్. ఏటేటా సాగే ఆనవాయితీ ప్రకారం ఆ రోజు అట్టారీ-వాఘా సరిహద్దు వద్ద భారత సరిహద్దు భద్రతా దళం, పాకిస్థాన్ రేంజర్లు ఒకరికొకరు మిఠాయి పెట్టెలు ఇచ్చిపుచ్చుకోవాలి. ఆ ఏడు రేంజర్లు మిఠాయి పుచ్చుకోలేదు. అంతకు సరిగ్గా వారం ముందు, ఆగస్టు 5న, జమ్ము-కాశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తిని భారత ప్రభుత్వం రద్దు చేసింది. ఇస్లామాబాద్ భారత హైకమిషనర్‌ను వెళ్ళిపొమ్మంది, వాణిజ్యం ఆపివేసింది, సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌ను నిలిపివేసింది. ఇన్ని పెద్ద పెద్ద చర్యల తర్వాత ఇక తిరస్కరించడానికి మిగిలింది కాసిని లడ్డూలు, బర్ఫీలు. వాటినీ తిరస్కరించారు.

అణ్వాయుధాలు గల రెండు దేశాల విదేశాంగ విధానంలో మిఠాయి ఒక అంశం కావడం విడ్డూరంగా తోచవచ్చు. కానీ తెలుగు ఇళ్ళలో పెరిగిన వారికి ఇందులోని మర్మం విడమరిచి చెప్పనక్కరలేదు. పండగ పూట పక్కింటికి అరిసెలు, జంతికలు పంపడం, ఆ గిన్నెను వారు ఖాళీగా తిప్పి పంపకుండా ఏదో ఒకటి పెట్టి ఇవ్వడం నిన్న మొన్నటి దాకా ప్రతి వీధిలోనూ ఉన్నదే. రెండిళ్ళ నడుమ మాటలు ఆగిపోతే మొదట ఆగేది ఆ గిన్నె. గోడ దగ్గర తగాదా ఏమిటన్నది ఊరికి తర్వాత తెలుస్తుంది. ఈసారి అరిసెలు రాలేదన్న సంగతి ముందే తెలిసిపోతుంది.

వాఘా గేటుకూ ఈ లక్షణం ఉంది. దేశ విభజన జరిగిన రెండు నెలలకు, 1947 అక్టోబరులో, అమృత్‌సర్-లాహోర్‌లను కలిపే గ్రాండ్ ట్రంక్ రోడ్డుపై అక్కడ తనిఖీ కేంద్రం వెలిసింది. అప్పటికింకా అదే రోడ్డు మీదుగా కాందిశీకులు ఇటూ అటూ నడుస్తూనే ఉన్నారు. కాళ్ళు నేలకేసి కొట్టే పతాక అవనత కార్యక్రమం 1959లో మొదలైంది. సరిహద్దు భద్రతా దళం పుట్టినది 1965 డిసెంబరు 1న, అంటే ఆ ఏటి యుద్ధం ముగిసిన కొద్ది కాలానికి. పాకిస్థాన్ తన స్వాతంత్ర్య దినమైన ఆగస్టు 14న ఇస్తుంది. భారత్ మరునాడు ఇస్తుంది. జనవరి 26, దీపావళి, రెండు ఈద్‌లు సరేసరి. జరిగే తంతు చాలా చిన్నది. గేటు తెరుస్తారు, అధికారులు తెల్లగీత దగ్గరకు నడుస్తారు, చేతులు కలుపుతారు, పెట్టెలు మార్చుకుంటారు, ఫోటో దిగి వెనుదిరుగుతారు.

ఈ పెట్టెల రాకపోకలను వరుసగా రాసుకుంటూ పోతే అదే ఒక చరిత్ర గ్రంథమవుతుంది. 2016 సెప్టెంబరులో ఉరీ దాడి, ఆపై సర్జికల్ దాడులు. ఆ ఏటి దీపావళికి మిఠాయి లేదు. 2018లో నియంత్రణ రేఖ పొడవునా కాల్పులు ముమ్మరమైనపుడు పండగల పూట పెట్టెలు కదలలేదు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా, బాలాకోట్. దరిమిలా రెండేళ్ళకు పైగా మౌనం. 2021 ఫిబ్రవరి 25న రెండు సైన్యాల డి.జి.ఎం.ఓ.లు కాల్పుల విరమణకు కట్టుబడతామని ఉమ్మడి ప్రకటన చేశారు. దాదాపు అయిదు నెలలకు, జులై 21న బక్రీద్ నాడు, వాఘాలో మిఠాయి మళ్ళీ చేతులు మారింది. పుల్వామా తర్వాత అదే మొదటిసారి.

ఈ క్రమంలో గమనించవలసింది ఒకటుంది. మిఠాయి ఎన్నడూ శాంతిని తేలేదు. శాంతో, శాంతి లాంటిదేదో వచ్చాక తాను వచ్చింది. పెట్టె అందించే కమాండెంట్‌కు దానిపై అధికారం లేదు. ఢిల్లీ, ఇస్లామాబాద్‌ల నుండి అనుమతి వస్తేనే అతడు అడుగు ముందుకు వేయగలడు. కాబట్టి ఫోటోలు చూసి మురిసిపోయే వారూ, ‘శత్రువుకు లడ్డూలా’ అని టి.వి. స్టూడియోల్లో రంకెలు వేసేవారూ ఇరువురూ దానికి లేని శక్తిని ఆపాదిస్తున్నారు. అయితే దానిని ఉత్త నాటకమని కొట్టివేయడమూ తొందరపాటే. కాల్పులు ఆగిన ఋతువులో ఆర్.ఎస్.పురా, అర్నియా గ్రామాల రైతు కంచె దాకా వరి వేసుకోగలడు. కాల్పులు మొదలైతే బంకరులో పడుకుంటాడు. ఆ రెండు ఋతువుల తేడా పైకి కనపడే గుర్తుల్లో మిఠాయి పెట్టె ఒకటి.

చైనా సరిహద్దులోనూ ఇదే జరిగింది. 2020 జూన్‌లో గాల్వాన్‌లో 20 మంది భారత సైనికులు మరణించారు. దెప్సాంగ్, దెమ్‌చోక్‌ల నుండి సైన్యాలను వెనక్కి తీసుకునేందుకు 2024 అక్టోబరులో అంగీకారం కుదిరింది. ఆ నెల 31న, దీపావళి నాడు, చుషుల్-మోల్డో, నాథూలా, బుమ్‌లా తదితర అయిదు చోట్ల ఇరు సైన్యాలు మిఠాయిలు మార్చుకున్నాయి.

తమాషా ఏమిటంటే పెట్టెలో ఉన్న సరుకుకు ఈ సరిహద్దులేవీ తెలియవు. హల్వా, జిలేబీ అరబ్బీ మూలాలున్న మాటలు. బర్ఫీలో ఉన్నది పారశీక ‘బర్ఫ్’, అంటే మంచు. సమోసా తాత సంబూసక్ మహమ్మద్ బిన్ తుగ్లక్ విందుల్లో వడ్డించేవారని ఇబ్న్ బతూతా రాశాడు. వచ్చినవే కాదు, పోయినవీ ఉన్నాయి. సంస్కృత ‘శర్కర’ పారశీకంలో ‘షకర్’ అయి ఐరోపా దాకా నడిచింది. బీకానేర్ భుజియా కథ మరీ దగ్గరిది. 1877లో మహారాజా డూంగర్ సింగ్ కాలంలో మొదలైందని చెప్పే ఈ కారపు సేవుకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశమంతా టీ పక్కన నములుతున్న ఈ సరుకు పుట్టిన బీకానేర్ జిల్లా సరిహద్దు పాకిస్థాన్‌ను తాకుతుంది.

పేరును బట్టి తిండికి దేశభక్తి పరీక్ష పెట్టే రోజులు కూడా వచ్చాయి. 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ తర్వాత, జైపూర్‌లోని కొన్ని దుకాణాలు మైసూర్ పాక్‌ను ‘మైసూర్ శ్రీ’గా మార్చాయి. ఆ ‘పాక్’ ఏదో ఏ తెలుగు ఇల్లాలిని అడిగినా చెప్పేది: తీగ పాకం, ముదురు పాకం, ఉండ పాకం. బెల్లం కరిగించి చేసే పనికి ఉన్న సంస్కృత పదం. ఒక దేశం పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఉన్న మాటను ఆ దేశం పేరిట బహిష్కరించడం పాకిస్థాన్‌కు ఇచ్చిన అనవసరపు కానుక.

హైదరాబాద్‌లో ఆ పరీక్ష మాటలతో ఆగలేదు. విభజనలో సర్వం వదిలి వచ్చిన సింధీ ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో ఇక్కడ కరాచీ బేకరీ స్థాపించారు. పోగొట్టుకున్న ఊరి పేరును బోర్డు మీద రాసుకోవడం కాందిశీకుల హక్కు. పుల్వామా తర్వాత బెంగళూరు శాఖ బోర్డులో ‘కరాచీ’ని కప్పివేయవలసి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ బోర్డుపై కర్రలు విరిగాయి. పండ్ల బిస్కెట్లు చేసే శరణార్థి కుటుంబం తాను భారతీయ సంస్థనేనని చెప్పుకోవలసి వచ్చింది. అదే సమయంలో సింధ్‌లో ఉన్న ఆ మరో హైదరాబాద్‌లో, ఒక హిందూ సింధీ కుటుంబం విభజనకు ముందు నెలకొల్పిన బేకరీ కేకులకు పేరుమోసి ఉంది. దాని పేరు బాంబే బేకరీ.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. అట్టారీ చెక్‌పోస్టు మూతపడింది, పాకిస్థాన్ నుండి దిగుమతులన్నీ మే 2న నిషేధానికి గురయ్యాయి. మే 7 నుండి 10 వరకు క్షిపణులు, డ్రోన్లు, ఫిరంగులు మాట్లాడాయి. పూంఛ్ పట్టణంలో ఇళ్ళ మీద గుళ్ళు పడి పౌరులు మరణించారు. కాల్పులు ఆగాక మే 21న పతాక అవనత కార్యక్రమానికి సందర్శకులను తిరిగి అనుమతించారు. జనం వచ్చారు, నినాదాలు మిన్నంటాయి, జవానుల కాళ్ళు మునుపటిలాగే నుదురు దాకా లేచాయి. గేటు మాత్రం తెరవలేదు. కరచాలనం లేదు. రెండు జెండాలూ మూసిన గేటుకు ఇరువైపులా కిందకు దిగాయి.