వాయిదాల మీద కరెంటు

పదేళ్ళ కిందట మా పిన్నికి రొమ్ములో గడ్డ తీసేశాక, డాక్టరుగారు ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టించుకోవాలన్నారు. రేడియేషనుకి మనవాళ్ళు పెట్టుకున్న పేరు అది. తీరా చూస్తే యంత్రం కింద పడుకునేది రోజుకి కొద్ది నిమిషాలు. దానికోసం రెండు బస్సులు మారాలి. "ఆ పెట్టేదేదో ఒక్కరోజే పెట్టేసి పంపించెయ్యకూడదుటే? అయిదు వారాలు తిప్పుకోవడం దేనికి?" అని పిన్ని విసుక్కునేది. ఏదో చెప్పి సముదాయించానే గాని, నిజానికి నాకూ తెలీదు. తరవాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, సరిగ్గా ఈ ప్రశ్నమీదే ఒకప్పుడు మహా మహా వైద్యులు రెండు వర్గాలై వాదించుకున్నారని!

1895లో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్‌రేలు కనిపెట్టి, ఆ డిసెంబరులోనే భార్య చేతిని ఫొటో తీశాడు. ఎముకలూ, వేలికున్న ఉంగరమూ కనబడ్డాయి. ఆ కిరణాలు ఒంటిని లోపలిదాకా చూపిస్తాయని తెలిసింది గాని, ఒంటిని ఏం చేస్తాయో తెలీదు. 1901లో బెకరెల్ అనే ఆయన రేడియం ఉన్న చిన్న గొట్టాన్ని జేబులో వేసుకు తిరిగితే, దాని కింద చర్మం కాలింది. పియరీ క్యూరీ అయితే కావాలనే తన చేతిమీద రేడియం పెట్టుకుని పుండు తెప్పించుకున్నాడు. (భార్య మేరీ మాత్రం ఏమనగలదు? ఆవిడ వేళ్ళూ అప్పటికే కాలాయి.) మంచి చర్మాన్నే కాల్చేది చెడ్డ గడ్డని కాల్చదా అన్న ఆశతో వైద్యం మొదలైంది. చిక్కల్లా, గడ్డతోపాటు చుట్టూ ఉన్న మంచి భాగమూ మాడిపోయేది.

ఒకేసారి పెద్ద మోతాదు ఇచ్చి గడ్డని మట్టుబెట్టెయ్యాలని జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు వాదించారు. మా పిన్ని పక్షమన్నమాట!

ప్యారిస్ రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో అప్పుడు రెండు విభాగాలుండేవి. ఒకటి మేరీ క్యూరీది. రెండోది క్లాడియస్ రెగోది. రేడియేషను జీవకణాల్ని ఏం చేస్తుందో చూడటం ఆయన పని. 1920లలో ఆయన బృందం పరీక్షకి ఎంచుకున్నది పొట్టేలు వృషణాలు. నవ్వకండి. వీర్యకణాలు పుట్టేచోట కణాలు కాన్సరు గడ్డలోలాగే ఎడతెరిపి లేకుండా చీలుతుంటాయి. పైనున్న చర్మం రోగి చర్మంలాంటిది. పొట్టేలుకి సంతానశక్తి పోవాలి, చర్మం మాత్రం చెడకూడదు. అదీ పందెం. ఒకేసారి ఇస్తే, చర్మం పుండు కాకుండా ఆ పని జరగలేదు. వారాల తరబడి కొంచెం కొంచెం పంచి ఇస్తే సంతానశక్తి పోయింది, చర్మం నిలిచింది! ఆయన సహచరుడు కూతార్ ఇదే పద్ధతిలో గొంతు కాన్సరు రోగుల్ని బాగుచేసి చూపించాడు.

ఎందుకిలా అన్నది తరవాత్తరవాత తెలిసింది. దెబ్బతిన్న కణం తనని తాను మరమ్మతు చేసుకుంటుంది. అందులో మంచి కణానిది అందెవేసిన చెయ్యి, కాన్సరు కణానిది అంతంతమాత్రం. ఇవాళ్టి దెబ్బకీ రేపటి దెబ్బకీ నడుమ ఉన్న రాత్రి మంచి కణాలకి తేరుకునే వ్యవధి. అంటే పిన్ని ఇంటికొచ్చి పడుకోవడం కూడా వైద్యంలో భాగమే. 1953లో ఇంగ్లండులో గ్రే అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ మరో కిటుకు వివరించారు. ప్రాణవాయువు అందని కణం కిరణాలకి ఓ పట్టాన చావదు. గడ్డ నడిబొడ్డున ఉన్నవి అలాంటివే. పైపొరలు రాలేకొద్దీ లోపలివాటికి ప్రాణవాయువు అంది, తరవాతి మోతాదుకి అవీ దొరుకుతాయి. పాలని లీటర్లలో కొలిచినట్టు, ఇప్పుడు ఆ మోతాదుని గ్రేలలోనే కొలుస్తారు.

అయితే వాయిదాలు ఎన్ని? బ్రిటన్‌లో తొలిదశ రొమ్ము కాన్సరుకి ఆపరేషనయిన నాలుగువేల పైచిలుకు మందిలో కొందరికి మూడు వారాల్లో పదిహేనుసార్లు 40 గ్రేలు, కొందరికి ఒక్క వారంలో అయిదుసార్లు 26 గ్రేలు ఇచ్చి, అయిదేళ్ళు కనిపెట్టి చూశారు. జబ్బు తిరగబెట్టకుండా చూడటంలో అయిదు రోజుల వైద్యం ఏమీ తీసిపోలేదని 2020లో ప్రకటించారు. ఇది అందరికీ కుదరదు, ఎవరికి ఎన్నో డాక్టరే తేల్చాలి. కాని ఇరవై రోజుల బస్సు ప్రయాణం తప్పడమంటే ఇంట్లో వంటచేసే మనిషికి ఎంతో మనకి తెలుసు.

ఇప్పుడో విచిత్రం. రెగో పనిచేసిన సంస్థ వారసులే, క్యూరీ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు, 2014లో ఎలుకలకి మొత్తం మోతాదు అర సెకను లోపల ఇచ్చి చూశారు. గడ్డ ఎప్పటిలాగే లొంగింది, ఊపిరితిత్తులు మాత్రం అంతగా చెడలేదు. 2019లో స్విట్జర్లాండు వైద్యులు ఒక రోగి చర్మంమీద గడ్డకి సెకనులో పదోవంతు లోపే ఈ వైద్యం చేసినట్టు ప్రకటించారు. మంచి కణాలు ఎలా తట్టుకుంటున్నాయో ఇంకా పూర్తిగా తేలలేదు. మామూలు రోగులదాకా రావాలంటే ఎన్నో పరీక్షలు దాటాలి.

మొన్న చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్న పిన్నికి ఇదంతా చెప్పాను. పొట్టేలు దగ్గర ముసిముసిగా నవ్వింది. చివరిదాకా విని, "రెప్పపాటులోనా? మరి నేనడిగింది అదేగదుటే!" అంది.