సోమరి మాటల పుట్టుపూర్వోత్తరాలు

నేను పండితుణ్ణి కాను. మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. అయినా ఉగాది సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం పెద్దలు ఆదేశించగా, కొంతకాలంగా నా మనస్సులో మెదలుతున్న విషయమొకటి మీ ముందుంచుతున్నాను.

మా విభాగంలో శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చిన గ్యాంగ్‌మన్ ఒకాయన ఉన్నాడు. ఒకనాడు రాత్రంతా లైను మీద పనిచేసి, తెల్లవారిన తరువాత చెట్టుక్రింద నడుము వాల్చాడు. అటుగా వచ్చిన పై అధికారి ఒకరు ఏమీ విచారించకుండానే "లోఫర్" అని విసురుగా అని వెళ్ళిపోయారు. ఆయన నా దగ్గరకు వచ్చి, "బాబూ, ఆ మాటకి అర్థం ఏటి?" అని అడిగాడు. తిట్టని తెలుసు గాని, అసలు అర్థం నాకూ తెలియదు. ఆ సాయంత్రమే నిఘంటువులు తిరగవేయడం మొదలుపెట్టాను.

పని చేయనివాణ్ణి ఇంగ్లీషులో 'ఐడిల్' అంటారు. సుమారు వెయ్యేళ్ళ క్రిందటి ఇంగ్లీషులో ఈ మాటకు 'శూన్యమైనది, వట్టిది' అని అర్థం. చిత్రమేమంటే, నేడు వట్టిదానికి వాడే 'ఎంప్టీ' అనే మాటకు ఆనాడు 'తీరికగా ఉన్న' అని అర్థం. కాలక్రమాన ఈ రెండు మాటలూ ఒకదాని ఇంట్లోకి మరొకటి చేరాయన్నమాట! మన తెలుగులోనూ "ఇల్లు ఖాళీగా ఉంది" అంటాం, "నేను ఖాళీగా ఉన్నాను" అంటాం. మా యార్డులో సరుకులేని బండిని 'ఎంప్టీ' అంటారు. ఆ మాటతో బండిని ఎవరూ నిందించరు. రేపు సరుకు మోయవలసినది ఆ బండే గదా!

తీరికను 'లీజర్' అంటారు. దీని మూలం 'అనుమతి గలిగి ఉండుట' అనే అర్థమిచ్చే లాటిన్ మాట. 'లైసెన్సు' కూడా ఆ కుదురులోనిదే. మనం దరఖాస్తు పెట్టుకొనే 'లీవు'కు సైతం పూర్వార్థం అనుమతి అనే. మన 'సెలవు' మాత్రం వేరా? "సెలవిప్పించండి" అంటే అనుమతి ఇమ్మని కోరడమే. 'స్కూలు' అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి తీరిక అని అర్థం. తీరిక ఉన్నవారు విద్యాచర్చ చేసేవారు. అయితే ఆ తీరిక వెనుక బానిసల చాకిరీ ఉండేదన్నది మరువరాదు. యజమాని విశ్రమిస్తే విద్య, సేవకుడు విశ్రమిస్తే సోమరితనం!

ఇంత సాధువైన మాటలు తిట్లుగా ఎట్లా మారాయి? ఇంగ్లండు చరిత్ర చూస్తే కొంత బోధపడుతుంది. 1348లో అక్కడ మహామారి ప్రవేశించి జనం విస్తారంగా చనిపోయారు. కూలీలు కరువై కూలిరేట్లు పెరిగాయి. వెంటనే 1349లో రాజశాసనం వచ్చింది. భూమీ వృత్తీ లేని అరవై ఏళ్ళ లోపువారు, పిలిచినవారి దగ్గర, మహామారికి ముందున్న కూలికే పనిచేయాలట! 1351 నాటి చట్టం, ఉన్న ఊళ్ళో పని దొరికేటప్పుడు వేసవి పనులకు వేరే ఊరు పోరాదని కట్టడి చేసింది. 1547 నాటి చట్టం పని చేయక తిరిగేవారి రొమ్మున వాతపెట్టి రెండేళ్ళు బానిసలను చేయమన్నది. ఆ ఘోరం 1550 నాటికి రద్దయింది. 1824 చట్టంలో మాత్రం 'ఐడిల్' అనే మాట నేరస్థుల తరగతికి పేరైంది. 'వాగబాండ్' అన్నది కూడా సంచరించుట అనే లాటిన్ మాటనుండి పుట్టి దూషణమైనదే.

ఆ చూపే మన దేశానికీ వచ్చింది. 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా అమ్ముకొని బ్రతికిన ఎరుకలవారి వర్తకాన్ని దెబ్బతీసిన వాటిలో మా రైలుబండి ఒకటి. బ్రతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిపై పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేశారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర చెరగడానికి మాత్రం చట్టం రద్దయితే చాలలేదు. రైల్వే జీతం తినే నాకు ఇది చదివినప్పుడు మనస్సు కలుక్కుమన్నది.

ఇక 'లోఫర్'. ఇది 1830 ప్రాంతాల అమెరికాలో వాడుకకు వచ్చిన మాట. దేశదిమ్మరి అనే అర్థంగల జర్మను పదం నుండి పుట్టిందని కొందరి ఊహ. ఆ లెక్కన పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచి వచ్చిన మన తాతతండ్రులందరూ ఏమవుతారు?

నిజమైన సోమరితనం మంచిదని నేను అనడం లేదు. ఆ మాట అనేవాడెవడు, పడేవాడెవడు అని ఒక్క క్షణం ఆలోచించమంటున్నాను.

తెలుసుకొన్నది ఆ గ్యాంగ్‌మన్‌కు చెప్పాను. "దేశాలు పట్టి తిరిగేవోడా? తిరక్కపోతే ఈ రైలుపట్టాలు ఎవులేసేవోరు బాబూ?" అని నవ్వి, పార భుజాన వేసుకొని పోయాడు.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలతో, ఇక సెలవు.