నమోదు కాని పని: బోయింగ్ విశ్వాస సంక్షోభం – ఆదిభట్ల వైపు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
2018, 2019 నాటి రెండు ఘోర ప్రమాదాలు, 2024 జనవరి నాటి తలుపు ఘటన బోయింగ్ విమానాల మీద ప్రపంచానికున్న నమ్మకాన్ని దెబ్బతీశాయి. ఆ సంస్థ 737 విమానాల తోకరెక్కలు ఆదిభట్లలో తయారవుతున్నందున ఇది తెలుగు నేలకు దూరపు కథ కాదు. ఈ సంక్షోభానికి మూలం నైపుణ్యలోపం కన్నా, కొందరికి తెలిసిన విషయం కాగితం మీదికి ఎక్కకపోవడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బోయింగ్ 737, ఆదిభట్ల, విమాన భద్రత, నాణ్యత, నమోదు పత్రాలు, మోటుపల్లి శాసనం.

1. ఉపోద్ఘాతం

వరంగల్–కరీంనగర్ రహదారి మీదున్న హసన్‌పర్తి వాసులకు విమానం అంటే చాలాకాలం తలమీదుగా పోయే చప్పుడు మాత్రమే. ఓరుగల్లుకు విమానంతో ఉన్న పాత బంధం మామునూరు. నిజాం కాలంలో ఏర్పడి, తరువాత మూతబడిన ఆ విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో ఆమోదం తెలిపింది. అయితే హసన్‌పర్తి చుట్టుపక్కల ఇంజినీరింగు చదువుతున్న విద్యార్థికి విమానం నేడు ప్రయాణ సాధనం కాకముందే ఉద్యోగ స్థలం కాగలదు. రంగారెడ్డి జిల్లా ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థల ఉమ్మడి కర్మాగారం 2018 మార్చి 1న ప్రారంభమైంది. మొదట అక్కడ అపాచీ యుద్ధ హెలికాప్టర్ల దేహభాగాలు రూపొందాయి. 2021లో 737 విమానాల నిలువు తోకరెక్కల తయారీని ప్రకటించారు. 2023లో మొదటి రెక్క అమెరికాలోని రెంటన్ కర్మాగారానికి బయలుదేరింది.

అంటే, బోయింగ్ మీద ప్రపంచానికి నమ్మకం అతి తక్కువగా ఉన్న రోజుల్లోనే ఆదిభట్ల ఆ సంస్థ పౌరవిమానపు తోకను చేతికి తీసుకుంది. రెంటన్‌లో విశ్వాసం సడలితే దాని భారం ఇక్కడి కార్మికుని మీద కూడా పడుతుంది. కనుక ఆ విశ్వాసం ఎక్కడ, ఎలా సడలిందో తెలుసుకోవడం మనకు అవసరమైన చరిత్రే.

2. పాత దేహం, కొత్త యంత్రం

737 మొదటిసారి ఎగిరింది 1967 ఏప్రిల్ 9న. అర్ధశతాబ్దం తరువాత కూడా అదే దేహానికి కొత్త యంత్రాలు తగిలించి అమ్మవలసిన పరిస్థితి పోటీ వల్ల వచ్చింది. ఎయిర్‌బస్ 2010 డిసెంబరులో ఇంధనం తక్కువ తాగే ఎ320 నియోను ప్రకటించగానే, పూర్తిగా కొత్త విమానం రూపొందించే ఆలోచనను బోయింగ్ పక్కనపెట్టి 2011లో 737 మ్యాక్స్ వైపు మొగ్గింది. కొత్త ఇంజన్లు పెద్దవి. 737 నేలకు దగ్గరగా నిలిచే విమానం. అందువల్ల వాటిని రెక్క కింద మరింత ముందుకు, పైకి జరిపి బిగించారు. కొన్ని స్థితుల్లో విమానపు ముక్కు పైకి లేచే ధోరణి దీనితో ఏర్పడింది. దాన్ని సరిదిద్దడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను చేర్చారు. అది ఒకే ఒక సెన్సర్ చెప్పిన మాటను నమ్మి ముక్కును కిందికి వంచేది.

ఇక్కడే మన చర్చకు కీలకమైన ఘట్టం ఉంది. ఎంక్యాస్ ప్రస్తావనను పైలట్ల కరదీపికలో చేర్చకుండా ఉండేందుకు బోయింగ్ 2016లో నియంత్రణ సంస్థ అనుమతి పొందింది. పైలట్లకు ఖరీదైన కొత్త శిక్షణ అవసరం లేదన్నది అమ్మకపు వాదన. శిక్షణ తగ్గాలంటే వివరణ కూడా తగ్గాలి. ఒక యంత్రం ఉంది, పనిచేస్తుంది. దానితో ఎగిరే మనిషి చదివే పుస్తకంలో మాత్రం దాని పేరు లేదు.

2018 అక్టోబరు 29న లయన్ ఎయిర్ విమానం జావా సముద్రంలో కూలి 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్ విమానం ఆడిస్ అబాబా సమీపంలో కూలి 157 మంది మరణించారు. రెండో ప్రమాద మృతుల్లో ఒక తెలుగింటి బిడ్డ కూడా ఉంది. చైనా, భారత్ సహా దేశాలు వరుసగా మ్యాక్స్‌ను నేలమీద నిలిపివేయగా, అమెరికా మార్చి 13న ఆ నిర్ణయం తీసుకుంది. తయారీదారుని సొంత దేశం చివరివరకూ ఆగడం గమనించదగినది. తరువాత వెలుగులోకి వచ్చిన అంతర్గత సందేశాల్లో కొందరు ఉద్యోగులే తమ విమానాన్నీ, దాన్ని పరిశీలించే యంత్రాంగాన్నీ ఎగతాళి చేసుకున్నారు. వారికి సందేహాలు లేకపోలేదు. ఆ సందేహాలు మిత్రుల సంభాషణల్లో ఉన్నాయి. ఉండవలసిన పత్రాల్లో లేవు.

3. నాలుగు బోల్టులు

దోషం సాఫ్ట్‌వేర్‌దే అయితే దాన్ని మార్చితే సరిపోవాలి. మార్చారు కూడా. ఇప్పుడు ఎంక్యాస్ రెండు సెన్సర్లను పోల్చి చూస్తుంది; పదేపదే ముక్కు వంచదు. 2020 నవంబరులో అమెరికా, 2021 ఆగస్టులో భారత్ మ్యాక్స్‌ను తిరిగి అనుమతించాయి. అయితే 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్‌లో బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 737-9 విమానం సుమారు 16,000 అడుగుల ఎత్తులో ఉండగా దాని గోడలోని డోర్ ప్లగ్ ఊడి ఎగిరిపోయింది. అది తలుపు అవసరం లేని చోట బిగించే మూతపలక. లోపల 177 మంది ఉన్నారు. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు.

దర్యాప్తులో తేలిన క్రమాన్ని చరిత్ర విద్యార్థి శ్రద్ధగా చదవాలి. విమాన దేహం తయారైంది కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో, స్పిరిట్ ఏరోసిస్టమ్స్ కర్మాగారంలో. అక్కడినుంచి రైలుమీద రెంటన్ చేరింది. (హసన్‌పర్తి రోడ్ స్టేషన్ మీదుగా పోయే గూడ్సు బండ్లను చూసి పెరిగినవారికి, మొత్తం విమాన దేహాన్ని రైలెక్కించడం వింతగానే తోస్తుంది.) రెంటన్‌లో ఆ మూతపలక పక్కన అయిదు రివెట్లు సరిగా లేవని గుర్తించారు. వాటిని బాగుచేయడానికి పలకను తెరిచారు. మూసినప్పుడు దాన్ని కదలకుండా పట్టే నాలుగు బోల్టులు తిరిగి బిగించలేదు. పలకను తెరిచినట్టు ఎక్కడా నమోదు లేదు. నమోదు లేదు కనుక, మూసిన తరువాత తనిఖీ చేయాలన్న ఆదేశమూ పుట్టలేదు. రివెట్లు సరిచేసినట్టు కాగితం ఉంది. తెరిచినట్టు కాగితం లేదు.

శాసనాలు, కైఫీయత్తులు చదివే మనకు రాతలేమి కొత్త కాదు. ఒక కాలానికి ఆధారం దొరకకపోతే మనం పరిశోధనను వాయిదా వేసుకుంటాం. కర్మాగారంలో అదే లేమి విమానపు గోడలో కిటికీ కన్నా పెద్ద రంధ్రమవుతుంది. 2025 జూన్‌లో అమెరికా రవాణా భద్రతా మండలి, కార్మికులకు తగిన శిక్షణ, మార్గదర్శనం, పర్యవేక్షణ ఇవ్వకపోవడాన్ని బోయింగ్ వైఫల్యంగా నిర్ధారించింది. ఏ ఒక్క కార్మికుని మీదికో నింద నెట్టివేయకపోవడం ఆ తీర్పులోని విజ్ఞత.

4. దూరపు చేతులు

సరఫరాదారులను దేశదేశాలకు విస్తరించడం వల్లనే నాణ్యత చెడిందన్న అభిప్రాయం తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. విచిటాలో తయారైన దేహాల లోపాలు పలుమార్లు బయటపడ్డాయి. అయితే అలాస్కా ఉదంతం ఆ వాదాన్ని తలకిందులు చేస్తుంది. ఊడిపోయిన పలక తయారైంది మలేసియాలో. పలకలో దోషం లేదు. దోషం చివరి బిగింపులో, సంస్థ సొంత గడ్డమీద జరిగింది. ఆదిభట్ల వంటి చోట్ల పనిచేసేవారి గురించి తేలికగా మాట్లాడేవారు ఈ వాస్తవాన్ని గుర్తుంచుకోవాలి. అయితే మనవారిని దీనితో మురిపించడం నా ఉద్దేశం కాదు. ఉత్పత్తి తొందర, పై అధికారి ముఖం చూసి సందేహాన్ని మింగేసే అలవాటు ఎక్కడున్నా అదే ఫలితం వస్తుంది. మన కళాశాలల ప్రయోగశాలల్లో ముందే తెలిసిన జవాబుకు తగినట్టు అంకెలను రికార్డు పుస్తకంలో నింపే ఆచారాన్ని మనం ఎంత సహజంగా తీసుకుంటామో ఆలోచిస్తే, సమస్య రెంటన్ కన్నా దగ్గరలోనే కనిపిస్తుంది.

5. అభయం ఎలా ఇవ్వాలి?

పోయిన నమ్మకాన్ని తిరిగి పొందే ప్రయత్నంలో ఓరుగల్లు ప్రభువు ఒకరి ఉదాహరణ ఉంది. క్రీ.శ. 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు హామీ ఇచ్చాడు. తుపానుకు ఒడ్డెక్కిన ఓడల సరుకును పూర్వరాజులు లాక్కునేవారని ఒప్పుకుని, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాయిమీద చెక్కించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పైవ వంతు. ఇందులో మూడు అంశాలున్నాయి: జరిగిన తప్పును బహిరంగంగా అంగీకరించడం, తన అధికారానికి తానే హద్దు గీయడం, ఆ హద్దును ఎవరైనా చదవగల చోట నిలపడం. మధ్యయుగపు రాజును ఆధునిక సంస్థతో పోల్చడానికి పరిమితులున్నాయి. అయినా కొలమానం పనికొస్తుంది.

ఆ కొలమానంతో చూస్తే బోయింగ్ ప్రయత్నం సమానంగా సాగలేదు. తప్పు అంగీకరించడం చాలావరకు న్యాయస్థానం ఒత్తిడితోనే జరిగింది. 2021 జనవరిలో అమెరికా న్యాయశాఖతో 250 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదిరింది. అందులో మృతుల వారసులకు కేటాయించింది 50 కోట్లు, విమాన సంస్థలకు 177 కోట్లు. ఈ అంకెల నిష్పత్తి వ్యాఖ్యానం అక్కరలేకుండానే మాట్లాడుతుంది. హద్దు గీసింది కూడా బయటివారే: అలాస్కా ఘటన తరువాత నియంత్రణ సంస్థ 737 ఉత్పత్తిని నెలకు 38కి పరిమితం చేసింది. 2024 ఆగస్టులో పగ్గాలు చేపట్టిన కెల్లీ ఓర్ట్‌బర్గ్ కర్మాగారాలకు దగ్గరగా సియాటిల్‌లో ఉండటానికి సిద్ధపడ్డారు. ప్రధాన కార్యాలయం 2001లో షికాగోకు, తరువాత రాజధాని సమీపంలోని ఆర్లింగ్టన్‌కు తరలిపోయిన సంస్థలో ఇది చిన్న మార్పు కాదు. ఆ శరదృతువులోనే సుమారు 33,000 మంది కార్మికులు ఏడు వారాలకు పైగా సమ్మె చేశారు. 2025 డిసెంబరులో స్పిరిట్ సంస్థలోని అధికభాగం తిరిగి బోయింగ్‌లో కలిసింది.

భారతీయ ప్రజల నమ్మకానికి వేరే జ్ఞాపకాలున్నాయి. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ320 కూలి 92 మంది మరణించినప్పుడు ప్రభుత్వం ఆ తరహా విమానాలన్నిటినీ నెలల తరబడి నిలిపివేసింది. అనుమానం పడింది నాడు ఎయిర్‌బస్ మీద. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 787 కూలి 260 మంది మరణించగానే చాలామంది చూపు బోయింగ్ మీదికి మళ్లింది. జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక ఇంధన స్విచ్‌లు ఆఫ్ స్థితికి మారాయని చెప్పింది; ఆ దశలో తయారీదారుకు సిఫార్సులేవీ చేయలేదు. నివేదికకు ముందే నింద మోపడానికి ప్రజలు సిద్ధపడటం తప్పే కావచ్చు. అయితే ఆ సిద్ధపాటును పెంచింది గత పదేళ్ల చరిత్ర.

నమ్మకం తిరిగి వస్తున్న తీరుకు ఒక చిన్న గుర్తు దొరుకుతుంది. ప్రతి విమానానికీ వాయుయోగ్యతా పత్రం ఉండాలి. ఆ పత్రం ఇచ్చే బాధ్యతను మ్యాక్స్ విషయంలో 2019లో, 787 విషయంలో 2022లో నియంత్రణ సంస్థ బోయింగ్ నుంచి వెనక్కి తీసుకుంది. 2025 సెప్టెంబరు చివరి నుంచి ఆ పనిని వంతులవారీగా పంచింది: ఒక వారం పత్రం మీద బోయింగ్ సంతకం, మరుసటి వారం ప్రభుత్వ సంతకం.